వైజాగ్ నుంచి లండన్ వచ్చి బ్యూటీ మార్కెటింగ్‌లో చేరాలనుకునే పిల్లలకి

సెలవులకి ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చి పది రోజులైంది, ఈ పది రోజుల్లోనే నలుగురు పిల్లలు వచ్చి వెళ్ళారు, ఒకమ్మాయి ఏయూ, ఇద్దరు గీతం, ఇంకో అబ్బాయి గాజువాక నుంచి వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. అందరూ సెప్టెంబర్‌కి మాస్టర్స్ కోసం యూకే వెళ్తున్నవాళ్ళే, అందరూ అడిగింది ఒకటే, "అక్కా, చదువయ్యాక బ్యూటీ బ్రాండ్స్‌లో మార్కెటింగ్ జాబ్ దొరుకుతుందా?" అని. దొరుకుతుంది, నాకు దొరికింది. కానీ వెళ్ళిన మొదటి రెండు నెలల్లో చేసిన పనుల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది, అందుకే అందరికీ ఒకేసారి రాసేస్తున్నా.

ముందు టైమ్ సంగతి. మాస్టర్స్ అక్కడ ఒక్క ఏడాదే. పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ స్కీములు, అంటే కొత్తగా చదువైనవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకునే ప్రోగ్రాములు, సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపల తెరుస్తారు, అది కూడా వచ్చే ఏడాది చేరడానికి. అంటే మీరు సూట్‌కేసు పూర్తిగా సర్దుకోకముందే అప్లికేషన్లు మొదలైపోతాయి. "ముందు సెటిల్ అవుదాం, జనవరిలో చూద్దాం" అనుకున్నవాళ్ళకి జనవరిలో చూడ్డానికి పెద్దగా ఏమీ మిగలదు. సీవీ ఇక్కడ వైజాగ్‌లో ఉండగానే రాసుకోండి, రెండు పేజీలు దాటొద్దు, ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఇవేవీ పెట్టొద్దు.

వీసా లెక్కలు కూడా ముందే తెలిసుండాలి. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలే పని. ఇంకోటి, ఇది మన ఫీల్డ్‌వాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి, స్టూడెంట్ వీసా మీద సొంతంగా ఫ్రీలాన్స్ చేసి సంపాదించకూడదు. ఇన్‌స్టాలో మేకప్ రీల్స్ చేస్తూ బ్రాండ్ దగ్గర డబ్బు తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది, చాలామంది పిల్లలకి ఈ విషయం తెలీదు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకి మారితే అప్పుడు ఫ్రీలాన్స్ చేసుకోవచ్చు. ఆ వీసా 2026 డిసెంబర్ 31 లోపు అప్లై చేసినవాళ్ళకి రెండేళ్ళు, 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళకి 18 నెలలే. ఆ తర్వాత కూడా ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా, దానికి 2025 జులైలో మామూలుగా ఉండాల్సిన కనీస జీతాన్ని ఏడాదికి 41,700 పౌండ్లు చేశారు, కొత్తగా కెరీర్ మొదలుపెట్టేవాళ్ళకి 33,400. జీతం ఒక్కటే సరిపోదు, మీ పని ప్రభుత్వం లిస్టులో ఏ ఆక్యుపేషన్ కోడ్ కిందికి వస్తుందో, దానికి స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీ తన తరఫున మీకు వీసా ఇప్పించే వీలు, ఉందో లేదో కూడా చూడాలి. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీల లిస్టు ప్రభుత్వం వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది, అప్లై చేసే ముందు అందులో వెతకండి, ఇంటర్వ్యూలో స్పాన్సర్‌షిప్ గురించి అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు అసలు విషయం. పార్ట్‌టైమ్ అనగానే మనవాళ్ళు గోడౌన్, డెలివరీ, రెస్టారెంట్ అంటారు. బ్యూటీలోకి రావాలనుకునేవాళ్ళు వెతకాల్సింది మాత్రం బ్యూటీ కౌంటర్ ఉద్యోగం, డిపార్ట్‌మెంట్ స్టోర్లో అవనీ, మందులూ కాస్మెటిక్సూ అమ్మే బూట్స్, సూపర్‌డ్రగ్ లాంటి షాపుల్లో అవనీ. క్రిస్మస్‌కి ముందు టెంపరరీ స్టాఫ్‌ని బాగా తీసుకుంటారు, అక్టోబర్‌లోనే అడగాలి. జీతం గోడౌన్‌లాగే ఉండొచ్చు, తేడా ఏంటంటే కస్టమర్ నోట్లోంచి వచ్చే మాట మీకు నేరుగా వినిపిస్తుంది.

నా సంగతే చెప్తాను. నేను కౌంటర్లో పనిచేసేటప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చారు, నర్సు, డ్యూటీ దిగి యూనిఫామ్ మీద కోటు వేసుకుని నేరుగా వచ్చేశారు. బ్యాగులోంచి మూడు ఫౌండేషన్ సీసాలు తీసి కౌంటర్ మీద పెట్టి, మూడూ కొన్నాను మూడూ వేస్టే అన్నారు. మనలాంటి చామనఛాయే. దవడ కింద మూడు షేడ్లు పక్కపక్కన గీతల్లా రాసి, లోపలి లైట్లకి రంగు తప్పు కనిపిస్తుందని ఆవిడని గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతుర్లో చూపించాను. రెండు గీతలు బూడిద రాసినట్టున్నాయి, మూడోది ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది, చర్మంలో కలిసిపోయింది. ఆవిడ అద్దంలో చూసుకుని, "అందరూ గ్లో అనే రాస్తారు, మధ్యాహ్నానికి మొహం బూడిదరంగు అవుతుందా లేదా అన్నది ఒక్కరూ రాయరు" అన్నారు. ఆ రాత్రి ఆ మాట ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆరు నెలల తర్వాత ఇంటర్వ్యూలో "కస్టమర్ గురించి నువ్వు నేర్చుకున్నది ఒకటి చెప్పు" అంటే ఇదే చెప్పాను, ఆ టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు పెన్నులు తీశారు. ఫెంటీ బ్యూటీ 2017లో 40 షేడ్స్‌తో వచ్చాక బ్రాండ్లన్నీ షేడ్స్ పెంచాయి గానీ, పెంచిన షేడ్‌ని ఏ మాటలతో అమ్మాలో తెలిసినవాళ్ళు ఇప్పటికీ కావాలి. మీకూ అలా ఒక నోట్‌బుక్ ఉండాలి, కస్టమర్ మాటల్ని మార్చకుండా రాసుకోవాలి.

మీరు ఇక్కడి నుంచి పట్టుకెళ్ళే తెలివిని తక్కువ అనుకోవద్దు. ఏప్రిల్‌లో జగదాంబ నుంచి బీచ్ దాకా నడిస్తే ఏ కాటుక నిలుస్తుందో ఏది కారిపోతుందో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు, శెనగపిండి, పెసరపిండి, కస్తూరి పసుపు కలిపి నలుగు పెట్టిన అమ్మమ్మలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. మనం తలంటుకి ముందు రాసుకునే నూనెని అక్కడ ప్రీ వాష్ ట్రీట్‌మెంట్ అని చిన్న సీసాలో అమ్ముతారు, నేను తెచ్చిన సీసా ధర చూసి మా అమ్మ "ఏటే, గుప్పెడు నూనెకి ఇంతా!" అంది. ఎందుకు రాస్తాం, ఎంతసేపు ఉంచుతాం, ఏ జుట్టుకి పనికిరాదు, ఇవి తెలిసిన మార్కెటింగ్ మనిషి బ్రాండ్‌కి చాలా పనికొస్తుంది. లండన్ నీళ్ళల్లో సున్నం ఎక్కువ, కెటిల్ లోపల తెల్లగా పేరుకుపోతుంది, జుట్టు బిరుసెక్కుతుంది, నవంబర్‌కి పెదాలు పగుల్తాయి. దిగులు పడకుండా ఏ మాయిశ్చరైజర్ పనిచేసిందో అది కూడా రాసుకోండి.

మాట వాడేటప్పుడు జాగ్రత్త. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది కదా, తెల్లబడతారు అని చెప్పే భాష ఇక్కడే వదిలేసి వెళ్ళండి. చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు ఉన్న క్రీములు అక్కడ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరైనా తెమ్మన్నా మోసుకెళ్ళొద్దు. ప్రకటనల్ని చూసే సంస్థ ఏఎస్ఏ, క్రీము మొటిమల్ని నయం చేస్తుంది అంటే అది మందు కింద లెక్క, కాస్మెటిక్ అలా చెప్పుకోకూడదు. ప్రొడక్ట్ ఫలితాన్ని పెంచి చూపించే ఫిల్టర్లు ప్రకటనల్లో వాడొద్దని 2021లో గట్టిగా చెప్పారు, డబ్బు తీసుకున్న పోస్టు మీద యాడ్ అని స్పష్టంగా ఉండాలి. ఏఎస్ఏ వెబ్‌సైట్‌లో తీర్పులు ఉంటాయి, వారానికి రెండు చదవండి, ఇంటర్వ్యూలో ఇవి తెలిసిన ఫ్రెషర్లు తక్కువ.

ఒక బాధ కూడా చెప్పాలి. ఒక చిన్న స్కిన్‌కేర్ కంపెనీ ట్రయల్ అని నాతో మూడు వారాలు ఊరికే పని చేయించుకుంది, నెల మొత్తానికి పోస్టులు, క్యాప్షన్లు అన్నీ రాసిచ్చాను, తర్వాత మెయిల్‌కి జవాబే లేదు, నా వాక్యాలు మాత్రం వాళ్ళ పేజీలో కనిపించాయి. ఆ రోజు ఎంత ఏడ్చానో. ఇంటర్వ్యూకి గంటో రెండు గంటలో టాస్క్ ఇవ్వడం మామూలే, వారాల తరబడి అంటే అది పని, పనికి జీతం ఇవ్వాలి. 21 ఏళ్ళు నిండినవాళ్ళకి 2026 ఏప్రిల్ నుంచి గంటకి 12.71 పౌండ్లు కనీస వేతనం.

ఉద్యోగాలన్నీ లండన్‌లోనే లేవు, బూట్స్ హెడాఫీసు నాటింగ్‌హామ్‌లో, లష్ అనే కాస్మెటిక్స్ కంపెనీది పూల్ అనే ఊళ్ళో. లండన్‌లో ఉంటే మనవాళ్ళు ఎక్కువగా దిగేది ఈస్ట్ హామ్‌లో, రూమ్ డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దె దాటకూడదు, దాటితే అడగండి. వెళ్ళిన వారంలోనే జీపీ, అంటే మీ ఏరియా డాక్టర్, దగ్గర రిజిస్టర్ అవ్వండి, పని చేసేవాళ్ళకి ఉండాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేయండి, అది ఫ్రీ, మధ్యలో ఎవరికీ డబ్బు కట్టొద్దు, నంబర్ వచ్చేలోపు కూడా పనిలో చేరొచ్చు, మీకు పని చేసే హక్కు ఉందని ఆన్‌లైన్‌లో చూపించే ఈవీసా షేర్ కోడ్ ఇస్తే చాలు.

ఆ తర్వాత ఒక మంగళవారమో బుధవారమో పొద్దున్న ఈస్ట్ హామ్‌లో హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కి వుడ్ లేన్‌లో దిగండి, ఒకే ట్రైన్. పక్కనే వెస్ట్‌ఫీల్డ్ మాల్, 2023లో సెఫోరా అనే బ్యూటీ స్టోర్ అక్కడే తెరిచారు, లోరియాల్ యూకే ఆఫీసు కూడా ఆ చుట్టుపక్కల వైట్ సిటీ అనే ఏరియాలోనే. వారం మధ్యలో పొద్దున్నపూట కౌంటర్లు ఖాళీగా ఉంటాయి, మేనేజర్‌కి మాట్లాడే తీరిక ఉంటుంది, నాలుగు సీవీలు ప్రింట్ తీసుకెళ్ళి, ఇమ్మన్నవాళ్ళకి ఇచ్చి, వద్దన్నవాళ్ళని ఎక్కడ అప్లై చేయాలో అడిగి రండి.