నొప్పి కనిపెట్టడం నేర్చుకుందాం – 3వ పాఠం: పిల్లి ముఖం

పోయిన పాఠంలో ఆపరేషన్ అయిన కుక్క సంగతి చెప్పుకున్నాం. అది మూలుగుతుంది, కుట్లు నాకుతుంది, ఏదో రకంగా నొప్పిని బయటపెడుతుంది. పిల్లి అలా కాదు, నొప్పి ఎక్కువైతే మూలకు చేరి కిక్కురుమనదు.

మలక్‌పేటలో మా పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తెచ్చిన రాత్రి, అది దివాన్ కింద ముడుచుకుని గురగురలాడుతుంటే హాయిగా ఉందనుకుని లైటు తీసేసి పడుకున్నాం. నొప్పిలోనూ పిల్లులు గురగురలాడతాయని అప్పటికి తెలియదు. పొద్దున్నే వంగి చూస్తే కళ్లు సగం మూసి, గడ్డం ఛాతీకి ఆనించి అలాగే ఉంది, గిన్నెలో చేపముక్క ముట్టనైనా లేదు. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చూడాల్సినవి అయిదు: చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల. ఇది మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫీలైన్ గ్రిమేస్ స్కేల్, అంటే పిల్లి ముఖం చూసి నొప్పికి మార్కులు వేసే పద్ధతి. ఒక్కోదానికీ, మార్పు లేకపోతే 0, కొంచెం ఉంటే 1, బాగా కనిపిస్తే 2, మొత్తం 10కి. 4 వచ్చిందంటే ఆలోచించకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

చెవులు తేలిక: నొప్పి లేనప్పుడు ముందుకు చూస్తాయి, ఉంటే పక్కలకు తిరిగి చదునవుతాయి. తల భుజాల కన్నా కిందికి వాలుతుంది. కష్టమంతా మూతి దగ్గరే, మామూలుగా గుండ్రంగా ఉండేది బిగుసుకుని కోలగా అవుతుంది, వంపుగా వేలాడే మీసాలు తిన్నగా ముందుకు సాగుతాయి. నాకు ఇది పట్టుబడటానికి చాలా రోజులు పట్టింది, మీకూ పడుతుంది, టెన్షన్ వద్దు.

దగ్గరికెళ్లి తాకకుండా, పిలవకుండా, దూరంగా కూర్చుని అర నిమిషం చూడండి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు మార్కులు వేయొద్దు.

ఇంకోటి, దయచేసి గుర్తుంచుకోండి: ఇంట్లో ఉంది కదా అని పారాసెటమాల్ ఇవ్వొద్దు, పిల్లి కాలేయం దాన్ని అరిగించుకోలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికొస్తుంది, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు.

ఈ వారం పని: మీ పిల్లి బాగున్నప్పుడే, ఎదురుగా ముఖం కనిపించేలా ఫొటోలు తీసి ఫోన్‌లో దాచండి. ఆపరేషన్ అయ్యాక పోల్చుకోవడానికి అవే కావాలి. వచ్చే పాఠంలో కుట్ల చుట్టూ చెయ్యి ఎలా వేసి చూడాలో చెప్తాను.