చెమ్మ పట్టిన బాత్‌రూమ్‌ని స్పాలా మార్చాలంటే
ముందు టైల్స్ డిజైన్ల జోలికి పోకండి, నీళ్లు ఎక్కడ కారుతున్నాయో పట్టుకోండి. కుళాయిలన్నీ కట్టేశాక కూడా నీటి మీటర్ తిరుగుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. టైల్‌ని వేలి కణుపుతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే వెనక సిమెంటు వదిలేసినట్టే, పీకాల్సిందే. లీకు సరిచేసి, గోడ, నేల పూర్తిగా ఆరాక మూలల్లో మెష్ టేపు (వలలాంటి టేపు) అద్ది, నీళ్లు దిగకుండా ఆపే వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా వేసి, అదీ బాగా ఆరాక జాలీ మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ దిగుతుందేమో చూడండి. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా ఇది మాత్రం వదలొద్దు. జాలీ వైపు నేల వాలు మీటరుకి 1-2 సెంటీమీటర్లు చాలు. ఇక సోకులంటారా, రెయిన్ షవర్, కూర్చోడానికి చిన్న అరుగు, కళ్లలో కొట్టని పసుపు లైటు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మంచిది పెట్టి, స్నానం అయ్యాక కూడా 20 నిమిషాలు తిరగనివ్వండి.