విజయనగరం నుంచి సౌర పవనాన్ని చదవడం: 2024 మే తుపానుతో ఒక అభ్యాసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో భౌతిక శాస్త్రం చదివే విద్యార్థులు ప్రాజెక్టుకు అంశం వెతుక్కునేటప్పుడు, తగిన పరికరాలు లేవన్న కారణంతో అంతరిక్ష ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) జోలికి పోరు. నిజానికి ఈ రంగంలో ముఖ్యమైన పరికరాలన్నీ ఆకాశంలోనే ఉన్నాయి. అవి కొలిచిన అంకెలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కావలసినవల్లా ఒక కంప్యూటరు, ఒక స్ప్రెడ్‌షీట్, కొంత ఓపిక. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన భూ అయస్కాంత తుపానును (సౌర పవనం తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం తీవ్రంగా కలత చెందడాన్ని) ఉదాహరణగా తీసుకుని, వ్యోమనౌకల కొలతలను ఎలా దించుకోవాలో, ఎలా శుభ్రం చేయాలో, గీసిన గీతలను ఎలా చదవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఏ అంకెనైనా సరే, ఎక్కడ కొలిచారో, ఏ దిశలో కొలిచారో, ఏ క్షణంలో కొలిచారో తెలుసుకోకుండా గ్రాఫులోకి ఎక్కించకూడదు. ఈ పనిలో జరిగే పొరపాట్లు చాలావరకు ఆ మూడింటిలో ఏదో ఒకటి వదిలేయడం వల్లనే జరుగుతాయి.

ఎక్కడ కొలిచారు?

సూర్యుడి నుంచి నిరంతరం వీచే సౌర పవనంలో ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, కొద్ది పాళ్లలో హీలియం కేంద్రకాలు ఉంటాయి. మామూలు రోజుల్లో భూమి దరిదాపుల్లో దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు, సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 5 ప్రోటాన్లు, అది వెంట తెచ్చే అయస్కాంత క్షేత్రం సుమారు 5 నానోటెస్లాలు. మన ప్రాంతంలో నేల మీద భూమి క్షేత్రం 40 వేల నానోటెస్లాలకు పైనే ఉంటుందని గుర్తుంచుకుంటే, ఆ 5 నానోటెస్లాలను కొలవడం ఎంత సున్నితమైన పనో అర్థమవుతుంది. వ్యోమనౌకలోని తీగల్లో పారే విద్యుత్తుకే అంతకంటే పెద్ద క్షేత్రం పుట్టవచ్చు. అందుకే ఇస్రో వ్యోమనౌక ఆదిత్య-ఎల్1లో అయస్కాంత మాపకాలను 6 మీటర్ల పొడవైన చేతికి అమర్చారు. ఒకటి ఆ చేతి చివర ఉంటుంది, మరొకటి సగం దూరంలో ఉంటుంది. నౌక సొంత క్షేత్రం దగ్గరి మాపకంలో ఎక్కువగా, దూరపు మాపకంలో తక్కువగా నమోదవుతుంది కాబట్టి, రెండింటి తేడాను బట్టి దాన్ని లెక్కగట్టి తీసివేయవచ్చు.

మొదటిసారి ఈ పని చేసేవారు ఎల్1 బిందువు దగ్గరి నౌకలతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. భూమికి సూర్యుడి వైపున సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ప్రాంతంలో 1994లో ప్రయోగించిన విండ్, 1997 నాటి ఏస్, 2015 నాటి డిస్కవర్ ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలో చేరింది. భూమి ప్రభావం పడని సౌర పవనాన్ని ఇవి ముందుగానే చూస్తాయి. భూమి చుట్టూ తిరిగే నౌకలు మాత్రం ఒకే కక్ష్యలో కొంతసేపు అయస్కాంతావరణం (భూమి అయస్కాంత క్షేత్రం ఆవరించిన ప్రాంతం) లోపల, కొంతసేపు బయట ఉంటాయి. ఆ సరిహద్దులను గుర్తుపట్టడం అలవాటైతే తప్ప వాటి గీతలు అయోమయంగానే కనిపిస్తాయి.

ఎల్1 నౌకలు ఇచ్చే వ్యవధి ఎంతో లెక్క వేసి చూడండి. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో 15 లక్షల కిలోమీటర్లు రావడానికి గంటకు పైగా పడుతుంది. 700 కిలోమీటర్ల వేగంతో వస్తే 36 నిమిషాలు చాలు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేయడానికి సాధారణంగా రోజుల వ్యవధి దొరుకుతుంది. సూర్యుడి నుంచి ప్లాస్మా మేఘం బయలుదేరిన సంగతి కూడా ఒకటి నుంచి మూడు రోజుల ముందే తెలుస్తుంది. కానీ ఆ మేఘంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా అన్నది అది ఎల్1 నౌకలను తాకేదాకా ఖాయంగా చెప్పలేము. తుపాను తీవ్రతను నిర్ణయించేది ముఖ్యంగా అదే.

ఏ దిశలో కొలిచారు?

అయస్కాంత క్షేత్రానికి మూడు భాగాలుంటాయి. జీఎస్ఈ, జీఎస్ఎం అనే రెండు నిర్దేశక వ్యవస్థల్లోనూ ఎక్స్ అక్షం భూమి నుంచి సూర్యుడి వైపు ఉంటుంది. జీఎస్ఈలో జెడ్ అక్షం భూకక్ష్యా తలానికి లంబంగా ఉత్తరానికి ఉంటుంది. జీఎస్ఎంలో మాత్రం భూమి అయస్కాంత అక్షం ఎక్స్-జెడ్ తలంలోనే పడేటట్లు జెడ్ అక్షాన్ని తిప్పుతారు. తుపాను అధ్యయనానికి జీఎస్ఎం లోని జెడ్ భాగమే, అంటే బీజెడ్ మాత్రమే పనికొస్తుంది. అది రుణ విలువలో ఉంటే సౌర పవన క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందని అర్థం. అప్పుడు పగటి వైపు సరిహద్దులో ఉత్తరానికి ఉండే భూమి క్షేత్ర రేఖలతో అది కలిసిపోయి, సౌర పవనంలోని శక్తి లోపలికి రావడానికి దారి తెరుచుకుంటుంది. దీన్నే అయస్కాంత పునఃసంధానం అంటారు. రెండు వ్యవస్థల బీజెడ్ విలువలు ఒకటేనని అనుకుని గీసిన గ్రాఫు చూడ్డానికి బాగానే ఉన్నా, లెక్క తప్పుతుంది.

దించుకోవడం, శుభ్రం చేయడం

నాసా గొడ్దార్డ్ కేంద్రం నిర్వహించే ఆమ్నివెబ్ అనే వెబ్‌సైట్‌కు వెళ్లి, అధిక కాల స్పష్టత ఉన్న విభాగంలో 5 నిమిషాల సగటును ఎంచుకోండి. ఆరంభ తేదీగా 20240509, ముగింపు తేదీగా 20240513 ఇవ్వండి. మొత్తం క్షేత్రం, జీఎస్ఎం బీజెడ్, వేగం, ప్రోటాన్ సాంద్రత, సిమ్-హెచ్ (నేల మీది కేంద్రాల కొలతలతో తుపాను తీవ్రతను చూపే సూచిక) అనే ఐదింటికి గుర్తు పెట్టి, పట్టిక రూపంలో అడగండి. రోజుకు 288 చొప్పున ఐదు రోజులకు 1,440 వరుసలు వస్తాయి. వాటిని స్ప్రెడ్‌షీట్‌లో అతికించి, ఖాళీల దగ్గర నిలువు వరుసలుగా విడగొట్టండి.

ప్రతి వరుసలో మొదట సంవత్సరం, తర్వాత ఆ సంవత్సరంలో అది ఎన్నో రోజు, ఆ తర్వాత గంట, నిమిషం ఉంటాయి. తేదీ కనిపించలేదని కంగారు పడనక్కర లేదు. 2024 లీపు సంవత్సరం కాబట్టి మే 10 అంటే 131వ రోజు, మే 11 అంటే 132వ రోజు. సమయం విశ్వ కాలమానంలో ఉంటుంది. 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం వస్తుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మనకు చాలా దగ్గర. విజయనగరం 83.4 డిగ్రీల దగ్గర, శ్రీకాకుళం 83.9 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అందువల్ల గడియారం చూపే సమయానికీ స్థానిక సౌర కాలానికీ మధ్య సగటున ఆరు నిమిషాలకు మించి తేడా రాదు. గుజరాత్‌లో కూర్చున్నవారు చేయాల్సిన సవరణ మనకు తప్పింది.

గ్రాఫు గీసే ముందు ప్రతి నిలువు వరుసలోని అతి పెద్ద విలువను చూడండి. కొలత లేనిచోట ఆమ్ని పట్టికలో ఖాళీ వదలరు, తొమ్మిదులు నింపుతారు: క్షేత్రానికి 9999.99, వేగానికి 99999.9, సాంద్రతకు 999.99. వీటిని తీసేయకపోతే నిలువు అక్షం అమాంతం సాగిపోయి, అసలు తుపాను అడుగున ఒక సన్నని గీతలా అణిగిపోతుంది. వాటి స్థానంలో సున్నా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆ గడిని ఖాళీగానే వదలాలి. పెద్ద తుపాన్లలో సూర్యుడి నుంచి వచ్చే అధిక శక్తి కణాలు ప్లాస్మా పరికరాలను గందరగోళపరుస్తాయి కాబట్టి, మనకు అత్యంత అవసరమైన గంటల్లోనే ఇలాంటి ఖాళీలు తరచుగా కనిపిస్తాయి. రెండు చివరలనూ గీతతో కలిపేసి ఖాళీని దాచకండి.

గీతలు చదవడం

ఐదు రాశులనూ ఒకే గ్రాఫులో కుక్కవద్దు. ఒకే కాల అక్షం మీద ఒకదాని కింద ఒకటిగా ఐదు గ్రాఫులు పెట్టండి: పైన మొత్తం క్షేత్రం, దాని కింద బీజెడ్, వేగం, సాంద్రత, అన్నిటికంటే కింద సిమ్-హెచ్. కాగితం మీద అచ్చు తీసి స్కేలుతో నిలువు గీతలు గీస్తే కంప్యూటరు తెర మీద కంటే బాగా కనిపిస్తుంది.

మే 10న విశ్వ కాలమానం 17 గంటల ప్రాంతంలో క్షేత్రం, వేగం, సాంద్రత మూడూ ఒక్కసారిగా పైకి లేస్తాయి. అది అఘాత తరంగం (షాక్ వేవ్). మూడూ ఒకే క్షణంలో లేవడమే దాని గుర్తు. సాంద్రత ఒక్కటే పెరిగితే అది వేరే సంగతి. ఇక్కడ సమయం విషయంలో జాగ్రత్త అవసరం. ఆమ్ని పట్టికలోని సమయం కొలిచిన క్షణం కాదు. ఎల్1 దగ్గరి కొలతను, భూమి ముందరి విల్లు ఆకారపు అఘాత సరిహద్దు దాకా రావడానికి పట్టే సమయం మేరకు ముందుకు జరిపి ఇస్తారు. విండ్ లేదా ఏస్ అసలు దత్తాంశాన్ని విడిగా దించి చూస్తే అదే తరంగం 17 గంటలకు ముందే కనిపిస్తుంది.

విశ్వ కాలమానం 17:05కు, మన గడియారంలో రాత్రి 10:35కు, సిమ్-హెచ్ చటుక్కున పైకి లేస్తుంది. తుపాను వచ్చిందంటే గీత పడిపోవాలి కదా అన్న సందేహం సహజం. అఘాత తరంగం అయస్కాంతావరణాన్ని నొక్కినప్పుడు సరిహద్దులోని విద్యుత్ ప్రవాహం బలపడి, భూమికి దగ్గరగా జరుగుతుంది. అందువల్ల ముందు నేల మీద క్షేత్రం పెరుగుతుంది. ఆ తర్వాత బీజెడ్ దక్షిణానికి తిరిగి −40 నానోటెస్లాల స్థాయికి దిగిన గంటల్లో, భూమి చుట్టూ పడమటి దిశగా పారే వలయ విద్యుత్ ప్రవాహంలోకి శక్తిమంతమైన అయాన్లు వచ్చి చేరి, సిమ్-హెచ్‌ను కిందికి లాగుతాయి. మే 11 ఉదయం, మన సమయం ఎనిమిదికి కాస్త ముందు, అది −500 నానోటెస్లాల కంటే కిందికి పోయింది. జపాన్‌లోని క్యోటో కేంద్రం గంటకోసారి లెక్కగట్టే డీఎస్‌టీ సూచిక −400 దాటింది. సిమ్-హెచ్ నిమిషానికి ఒకటి, డీఎస్‌టీ గంట సగటు కావడం, వాటికి తీసుకునే కేంద్రాలు వేరు కావడం ఈ తేడాకు కారణాలు. 2003 నవంబరు తర్వాత ఇంత పెద్ద తుపాను రాలేదు. లడఖ్‌లోని హాన్లే నుంచి ఆ రాత్రి ఆకాశంలో ఎర్రని కాంతి కనిపించింది.

చేత్తో రెండు లెక్కలు తప్పక వేయాలి. వేగాన్ని బీజెడ్ పరిమాణంతో గుణించి 1000తో భాగిస్తే విద్యుత్ క్షేత్రం మీటరుకు మిల్లీవోల్టుల్లో వస్తుంది. వేగం 400, బీజెడ్ −2 ఉన్న మామూలు రోజున అది 0.8, వేగం 700, బీజెడ్ −40 ఉంటే 28. రెండోది పీడనం. వేగం వర్గాన్ని సాంద్రతతోనూ 1.67తోనూ గుణించి 10 లక్షలతో భాగిస్తే నానోపాస్కల్స్‌లో వస్తుంది. మామూలు రోజుకు ఇది సుమారు 1.3. పగటి వైపు అయస్కాంతావరణ సరిహద్దు సాధారణంగా భూమి వ్యాసార్థానికి పది రెట్ల దూరంలో ఉంటుంది. ఆ దూరం సగానికి తగ్గాలంటే, పీడనం ఒక్కటే కారణమైతే, అది 64 రెట్లు పెరగాలి. సరిహద్దు తేలికగా లొంగదనడానికి ఇంతకంటే చక్కని లెక్క లేదు.

మన నేల మీద సరిచూడడం

అంతర్జాతీయ సంస్థ ఇంటర్‌మాగ్నెట్ ద్వారా హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పరిశీలన కేంద్రం దత్తాంశం దొరుకుతుంది. హైదరాబాద్ అక్షాంశం మనకు దగ్గర. స్థానిక కాలంలో తేడా ఇరవై నిమిషాల చిల్లర మాత్రమే. ఉత్తర, తూర్పు భాగాల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే క్షితిజ సమాంతర భాగం వస్తుంది. అందులోంచి తుపానుకు ముందరి నిశ్శబ్దమైన రోజు గీతను తీసివేయండి. అయనావరణంలోని ప్రవాహాల వల్ల ఏ తుపానూ లేని రోజున కూడా మధ్యాహ్నానికి క్షేత్రం పదుల నానోటెస్లాలు పెరిగి తగ్గుతుంది. ఈ తుపాను లోతైన భాగం మనకు ఉదయం పూట పడింది కాబట్టి ఆ సవరణ వదిలేయడానికి వీల్లేదు.

ఫోనులోని అయస్కాంత సెన్సరుతో ఈ కొలత తీయాలని చాలామంది ఉత్సాహపడతారు. అది వద్దు. ఈ తుపాను మన దగ్గర కలిగించిన మార్పు కొన్ని వందల నానోటెస్లాలు. ఫోనులో ఉండే చిల్లర ఒడిదుడుకులే ఆ స్థాయిలో ఉంటాయి, పక్కన మోటారు సైకిలు ఆగితే అంతకంటే పెద్ద మార్పు వస్తుంది. బొంబాయిలో విద్యుత్ ట్రాములు వస్తున్నాయని కొలాబాలోని అయస్కాంత పరిశీలన కేంద్రాన్నే 1904లో అలీబాగ్‌కు తరలించారు.

ఆ తర్వాత

ఆమ్ని గీతలు అలవాటయ్యాక, ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఆదిత్య-ఎల్1 అయస్కాంత మాపకం, ఆస్పెక్స్ (సౌర పవన కణాలను కొలిచే పరికరం) దత్తాంశాలను దించుకోండి. ఎల్1 చుట్టూ నౌకల మధ్య లక్షల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు కాబట్టి, ఒకే అఘాత తరంగం విండ్‌లోనూ ఆదిత్యలోనూ నిమిషాల తేడాతో కనిపిస్తే అది లోపం కాదు. ఆ తేడాతోనే తరంగం ఎటు వాలి వస్తున్నదో అంచనా వేయవచ్చు.

భూమికి దగ్గరగా వచ్చేకొద్దీ ఒక్క నౌక చాలదు. నౌకను దాటిపోయిన మార్పు స్థలంలో ఉన్నదా, కాలంలో జరిగినదా అన్నది ఒకే కొలతతో విడదీయలేము. అందుకే 2000లో క్లస్టర్‌నూ, 2015లో ఎంఎంఎస్‌నూ నాలుగేసి నౌకలుగా ప్రయోగించి, వాటిని చతుర్ముఖి (నాలుగు త్రిభుజాకార ముఖాల) ఆకారంలో నడిపారు. ఎంఎంఎస్ నౌకలు ఒక దశలో ఒకదానికొకటి సుమారు 7 కిలోమీటర్ల దగ్గరగా వచ్చాయి. ఎలక్ట్రాన్ల పంపిణీని 30 మిల్లీసెకన్లకు ఒకసారి కొలిచి, పునఃసంధానం జరిగే చోటును లోపలి నుంచి చూపాయి. ఈ దత్తాంశానికి స్ప్రెడ్‌షీట్ సరిపోదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులో ఇలాంటి దత్తాంశాల కోసం ఉన్న పైస్పెడాస్ అనే ఉపకరణం నేర్చుకోవాలి.

అంతవరకు చేయదగిన మంచి అభ్యాసం మరొకటుంది. 2024 అక్టోబరు 9 నుంచి 12 వరకు దత్తాంశాన్ని దించి, సిమ్-హెచ్ వరుసను ఒక మిత్రుడి దగ్గర ఉంచండి. మిగిలిన నాలుగు గీతలను మాత్రమే చూసి, తుపాను ఎప్పుడు మొదలైందో, ఏ గంటలో అత్యంత లోతుకు వెళ్లిందో, ఎంత లోతుకు వెళ్లిందో కాగితం మీద రాయండి. అప్పుడు ఆ వరుసను తీసుకుని పక్కన పెట్టి చూడండి. మీ సమయాలు గంటలోపు తేడాతో కుదిరితే మే తుపానును సరిగా చదివినట్లే. కుదరకపోతే ముందుగా బీజెడ్ ఏ వ్యవస్థలో ఉందో, తొమ్మిదులన్నీ తీసేశారో లేదో చూసుకోండి.