చలికాలం తిండి: చోడి అంబలితో మొదలుపెట్టండి, మిగతావన్నీ మన సంతలోనే ఉన్నాయి

పైడితల్లి సిరిమాను సంబరం అయిపోయి దీపావళి దాటిందంటే మా విజయనగరం వైపు పొద్దున్నే మంచు పట్టడం మొదలవుతుంది. ఇక అక్కణ్నుంచి సంక్రాంతి వెళ్లేదాకా ఇంట్లో ఒకరికి జలుబు తగ్గితే ఇంకొకరికి దగ్గు, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులు, గుంటలకి ముక్కు కారడం. అయితే ఏడాది మొత్తంలో మంచి తిండి చవగ్గా చేతికందేది కూడా ఈ నెలల్లోనే. కొత్త బియ్యం, కొత్త చోళ్లు, చిక్కుడుకాయలు, ఉసిరికాయలు, జామకాయలు, చిలగడదుంపలు, పెండలం, తేగలు, అన్నీ ఇప్పుడే వస్తాయి. అవన్నీ సంతలో ఉండగానే మనం టీలు, బిస్కట్లు, వేడి బజ్జీల మీద గడిపేస్తాం, ఎందుకంటే చలికి వేడిగా ఏదో ఒకటి నోట్లో పడితే చాలనిపిస్తుంది. ఆ వేడి అంబలిలోనూ చారులోనూ ఉండేలా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. మా ఇంట్లో కొన్నేళ్లుగా నేను ఎలా చేస్తున్నానో రాస్తున్నాను, మీకు వీలైనవి పట్టుకోండి.

ముందు పొద్దుటి సంగతి, అసలు తేడా అక్కడే వస్తుంది. చోళ్లంటే రాగులే, మన వైపు మాట. 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే ఎముకల నొప్పులున్న పెద్దవాళ్లకీ, ఎదిగే పిల్లలకీ పొద్దున్నే ఒక గ్లాసు అంబలి పడాలని నేను పట్టుబడతాను. నలుగురికి ఒక గ్లాసు చోడిపిండి, అర గ్లాసు నూకలు సరిపోతాయి. పిండిని రెండు గ్లాసుల నీళ్లలో కలిపి మూతపెట్టి పులవనివ్వాలి. వేసవిలో పడుకునే ముందు కలిపినా తెల్లారేసరికి పులుస్తుంది గానీ చలికాలం అలా పులవదు, కాబట్టి దీపాలు పెట్టే వేళకే కలిపేసి, వంట అయ్యాక పొయ్యి పక్కన వెచ్చగా ఉండే చోట పెట్టండి. నాకు మొదట్లో ఈ సంగతి తెలియక పులవని పిండితోనే కాచేదాన్ని, చప్పగా ఉందని పిల్లలు ముట్టుకోలేదు, అంబలి అంటే వాళ్లకి ఇష్టం లేదనుకుని ఒక చలికాలమంతా మానేశాను. ఇప్పటికీ ఆ ఏడాది పోయిందే అని బాధగానే ఉంటుంది.

పొద్దున్న ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి, కడిగిన నూకలు వేసి మెత్తగా ఉడకనివ్వాలి. మంట బాగా తగ్గించి పులిసిన పిండిని ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలియబెడుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే ఉండలు కట్టేస్తుంది. పది నిమిషాలకి పచ్చివాసన పోయి గరిటెకి నిగనిగలాడుతూ అంటుకుంటుంది, అప్పుడు దించేయండి. కాస్త ఉప్పు, రెండు గరిటెల మజ్జిగ, పక్కన చిన్న ఉల్లిపాయ ముక్క. పిల్లలకైతే పాలు, కొంచెం బెల్లం కోరు. పులియబెట్టడం రుచికి మాత్రమే అనుకోకండి, గింజలో ఐరన్ వంటివాటిని ఒంటికి పట్టకుండా అడ్డుకునే పదార్థం పులిస్తే తగ్గుతుంది. షుగరు ఉన్నవాళ్లు మాత్రం జావలా పల్చగా తాగితే చక్కెర తొందరగా పెరిగే వీలుంది, వాళ్లకి అదే పిండితో మందంగా రొట్టె కాల్చి పప్పుతోనో ఆకుకూరతోనో పెట్టడం మేలు. గంటెలు దొరికితే, అంటే సజ్జలు, ఆ రొట్టె కూడా చలికి బాగుంటుంది.

టీ గురించి చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా చెప్పాలి. టీ మానమని కాదు, టిఫిన్‌తోనూ అన్నంతోనూ కలిపి తాగొద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఉంది, ఎందుకంటే టీలోని వగరు పదార్థం తిండిలోని ఐరన్‌ని ఒంటికి అందనివ్వదు. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు, తోటకూర వండుకుని తిని వెంటనే టీ తాగితే ఆ తోటకూర ఏం లాభం?

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసేది ఉసిరి. పులుపులోని సి విటమిన్ ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఉన్న ఐరన్‌ని ఒంటికి బాగా పట్టిస్తుంది. ఉసిరికాయలో, జామకాయలో ఈ విటమిన్ దండిగా ఉంటుంది, 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల పైనే, అంటే కమలాపండు కన్నా దాదాపు నాలుగు రెట్లు. అందుకని కార్తీకం నుంచీ నేను పప్పులో చింతపండు బదులు రెండు ఉసిరికాయలు ముక్కలు చేసి వేస్తాను, తోటకూర పప్పు, పాలకూర పప్పు రెంటికీ బాగా కుదురుతుంది. ఎక్కువ ఉడికితే విటమిన్ పోతుంది, కాబట్టి పప్పు ఉడికాక చివర్లో వేసి మెత్తబడగానే దించండి. ఉసిరికాయ తురిమి, పచ్చిమిర్చి నూరి, పెరుగులో కలిపిన పచ్చడి ఇంకా మంచిది. నిల్వ ఊరగాయ కూడా ఉసిరే కదా అని అన్నం నిండా కలిపేసుకోవద్దు, అందులో ఉప్పు చాలా ఎక్కువ, చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎలాగూ పెరుగుతుంది. రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, 5 గ్రాములు దాటకూడదు.

కూరలు ఏం కొనాలని అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను, రైతు బజారులోనో వారపు సంతలోనో ఆ రోజు ఏది కుప్పలుగా పోసి చవగ్గా అమ్ముతున్నారో అదే ఆ వారం మంచి కూర. చిక్కుడుకాయ, ముల్లంగి, క్యారెట్టు, బచ్చలి, ఆనపకాయ. మన వైపు నువ్వుపొడి చల్లి, ఆవ పెట్టి వండే అలవాటు ఎలాగూ ఉంది, దాన్ని వదలకండి, నువ్వుల్లో కాల్షియం, మంచి కొవ్వు రెండూ ఉన్నాయి.

రాత్రి భోజనానికి నా మొదటి ఓటు ఉలవలకే. ఒక గ్లాసు ఉలవలు రాళ్లేరి కడిగి రాత్రంతా నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్లతో కుక్కర్లో పది కూతలు రానివ్వాలి. ఆ కట్టు వడగట్టుకుని అందులో కాస్త చింతపండు రసం, దంచిన వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, ఉల్లిపాయ ముక్కలు వేసి సన్నమంట మీద చిక్కబడేదాకా కాచి, ఇంగువ పోపు పెట్టాలి. తొందరపడితే చారు నీళ్లలా ఉంటుంది, కనీసం అరగంట కాగాలి. మిగిలిన ఉలవలు పారేయకూడదు, మాంసకృత్తులు, పీచు ఎక్కువగా ఉండేది వాటిలోనే. కొబ్బరి కోరు, ఎండుమిర్చి వేసి గుగ్గిళ్లు చేస్తే సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకి బజ్జీల ఊసే ఉండదు.

తెలగపిండి గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఈ తరంలో చాలామంది దాన్ని పశువుల దాణా అనుకుంటున్నారు. గానుగలో నువ్వులు ఆడి నూనె తీశాక మిగిలే పిండి అది. నమ్మకమైన గానుగ దగ్గర, మనుషులు తినడానికని అడిగి తాజాది తెచ్చుకోండి, చేదు వాసన వస్తే వద్దు. గ్లాసున్నర నీళ్లు మరిగించి ఉప్పు, రెండు గుప్పెళ్ల మునగాకు వేసి, ఆకు మెత్తబడ్డాక ఒక గ్లాసు తెలగపిండి పోసి మూతపెట్టి ఐదు నిమిషాలు మగ్గనివ్వాలి, తర్వాత విడివిడిగా చిదుముతూ, వెల్లుల్లి ఎక్కువగా వేసిన పోపులో వేయించాలి. బాలింతలకి మా అమ్మ తప్పకుండా పెట్టేది.

చేపలు తినేవాళ్లకి మన తీరం పెద్ద వరం. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు ఖరీదైన చేపలకి ఏం తీసిపోవు, గుండెకి మంచి చేసే కొవ్వు కవళ్లలో బాగా ఉంటుంది, నెత్తళ్లని ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. వేపుడు కన్నా పులుసు పెట్టండి. ఎండుచేపలైతే వేడినీళ్లలో పావుగంట నానబెట్టి రెండుసార్లు కడిగితే ఉప్పు కొంత పోతుంది, బీపీ ఉన్నవాళ్లకి అప్పుడు కూడా వద్దనే అంటాను.

మధ్యలో ఆకలేస్తే తేగలు. కాల్చినా ఉడకబెట్టినా బాగుంటాయి, పీచు చాలా ఎక్కువ కాబట్టి ఒకటి రెండు చాలు, బాగా నమిలి తినాలి, లేకపోతే కడుపునొప్పి. తేగ చీల్చితే మధ్యలో ఉండే చందమామ కోసం పిల్లలు కొట్టుకుంటారు, ఆ వంకన తేగ కూడా తినిపించేయండి. నాగులచవితికి చేసే చిమ్మిలి ఆ ఒక్కరోజుతో ఆపకుండా చలికాలమంతా రోజుకో ఉండ పిల్లల చేతిలో పెట్టొచ్చు, నువ్వులూ బెల్లమే కదా, షుగరున్న పెద్దవాళ్లకి మాత్రం కాదు.

పెరుగు తింటే జలుబు చేస్తుందని మూడు నెలలు మానేయడం నాకు నచ్చదు. జలుబు వచ్చేది వైరస్ వల్ల, పెరుగు వల్ల కాదు. ఫ్రిజ్‌లోంచి తీసింది కాకుండా మామూలుగా తోడుపెట్టుకున్నది మధ్యాహ్నం తినండి. నీళ్లు కూడా అంతే, దాహం వేయదు కాబట్టి తాగం, తర్వాత మలబద్ధకం, మూత్రంలో మంట. నేను రెండు లీటర్ల నీళ్లు కాస్త జీలకర్ర వేసి మరిగించి ఫ్లాస్కులో పోసి పెట్టుకుంటాను, రాత్రికి ఖాళీ కావాలి. ఎండ కూడా తిండి లాంటిదే. తెల్లవారి నీరెండ వెచ్చగా హాయిగా ఉంటుంది గానీ డి విటమిన్ తయారయ్యేది ఎండ బాగా ఎక్కాక, కాబట్టి పది దాటాక చేతులూ కాళ్లూ కనబడేలా ఓ ఇరవై నిమిషాలు పెరట్లో కూర్చోబెట్టండి, ముఖ్యంగా ఇంటిపట్టునే ఉండే పెద్దవాళ్లని.

పండగల విషయం. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండి నక్షత్రం చూశాక ఒక్కసారిగా గారెలు, పులిహోర, పాయసం తినేస్తే కడుపు తట్టుకోదు, ముందు ఒక పండో, గ్లాసు మజ్జిగో తీసుకుని కాసేపాగి తినండి. షుగరుకి మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాసం పెట్టుకోవద్దు. సంక్రాంతికి అరిసెలు వండిన నూనెలోనే మర్నాడు జంతికలు, ఆ తర్వాత కనుమకి గారెలు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది, ఆ నూనె నల్లబడి జిగురుగా అయిందంటే ఇక పారబోయండి. అరిసె ఖాళీ కడుపుతో కాకుండా భోజనం అయ్యాక ఒక్కటి తినండి, గుమ్మడికాయ, చిలగడదుంప, చిక్కుడు వేసిన దప్పళం మాత్రం ఎంత తిన్నా పరవాలేదు.

ఇంత చేసినా జలుబు రావచ్చు. వస్తే మిరియాల చారు అన్నం, పసుపు పాలు, పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో తేనె. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకండి, చాలా ప్రమాదం. చిన్నపిల్లల్ని మరిగే నీళ్ల గిన్నె మీదకి వంచి ఆవిరి పట్టించొద్దు, ఒలికి కాలిన కేసులు నాకు తెలుసు. చలికి గది తలుపులన్నీ మూసేసి కుంపటి పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం, ఆ బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి వాసన కూడా ఉండదు. మామూలు జలుబు వారం పది రోజుల్లో పోతుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం మూడు రోజులు దాటినా, పిల్లలు ఎగశ్వాస తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఉద్దానం వైపు వాళ్లకి ఒక మాట విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కుంగదీసిందో అందరికీ తెలుసు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు నేను పైన రాసిన ఆకుకూరలు, జామకాయలు, ఉలవలు, వాటితోపాటు కొబ్బరినీళ్లు కూడా ఇష్టానికి తినకూడదు, తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ. నీళ్లు కూడా డాక్టర్ చెప్పిన కొలతే. చలికి కీళ్లు పట్టేశాయని మందుల షాపులో నొప్పి మాత్రలు కొని రోజూ మింగడం ఉన్న కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది, నొప్పికి నువ్వులనూనె మర్దనా, వేడినీళ్ల కాపడం పెట్టి చూడండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించి, కిడ్నీ సంగతి ముందే చెప్పి, ఆయన రాసిన మాత్రే వేసుకోండి.