థెరపిస్టు లేకుండా నత్తిని అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

ఈ పద్ధతి చిన్ననాటి నుంచి నత్తి ఉన్న పెద్దవారికి మాత్రమే. పసిపిల్లలకు నత్తి మొదలైతే స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. పెద్దయ్యాక హఠాత్తుగా మాట తడబడితే అది పక్షవాతం లక్షణం కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముఖమంతా కనిపించే అద్దం, మాట రికార్డు చేసే ఫోను ఉంటే చాలు. మొదట అద్దంలో చూసుకుంటూ మాట్లాడి, మాట పెదవుల దగ్గర ఆగుతోందా, నాలుక దగ్గరా, గొంతులోనా అన్నది గుర్తించండి. తరువాత అవే అక్షరాలను కావాలని నత్తిగా పలకండి. ఈ రెండు మెట్లూ సులువే.

అందరూ పాడుచేసేది మూడో మెట్టునే. బస్సులో 'పటాన్‌చెరు' అనబోతే 'ప' దగ్గర పెదవులు బిగుసుకుపోయాయనుకోండి. చాలామంది తల విదిలించి బలవంతంగా నెడతారు, లేదా మళ్లీ ఊపిరి తీసి మొదటికొస్తారు, లేదా తేలికగా పలికే మరో స్టాపు పేరు చెప్పి అక్కడి నుంచి నడిచిపోతారు. ఇవన్నీ భయాన్ని పెంచేవే. వెనక్కి రాకండి, కండక్టరు ముఖం మీది నుంచి చూపు తిప్పకండి. బిగువు ఎక్కడుందో గమనిస్తూ పెదవులను కొద్దికొద్దిగా వదులు చేస్తే గాలి కదులుతుంది, అప్పుడు 'ప'ను నిదానంగా సాగదీస్తూ మాటలోకి జారాలి.

అప్పటికప్పుడు అది కుదరకపోతే, మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి, అదే మాటను వదులైన నత్తితో మళ్లీ అనండి. స్వయంగా నత్తి ఉన్న అమెరికా నిపుణుడు చార్ల్స్ వాన్ రైపర్ నేర్పిన మార్గమిది. రెండోసారి నత్తి లేకుండా అనాలని చూస్తే సాధన మొత్తం దాచుకునే ఉపాయంగా మారిపోతుంది. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నాలుకకు వస రాయడం, నోట్లో గులకరాళ్లు పెట్టుకోవడం, చిటికెలు వేయడం నాకు సమ్మతం కావు. నత్తికి నాలుక మందంతో సంబంధం లేదు. మెదడు మాట కదలికలను సమన్వయపరిచే తీరులో, వంశపారంపర్యంలో దాని మూలాలున్నాయి. చిటికె కొత్తలో పనిచేసినట్లే ఉంటుంది, ఆపై నత్తితోపాటు అదీ మిగిలిపోతుంది. పాటలో నత్తి రాకపోవడం నిజమే కాని, బ్యాంకు కౌంటరు దగ్గర రాగం తీయలేం కదా.

ఇంట్లో కుదిరాక బయటికి రండి. దుకాణాలకు ఫోన్ చేసి ధరలు అడగండి. ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ స్వయం సహాయక బృందాల్లో చేరండి. నత్తి పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను, పెనుగులాట మాత్రం తగ్గుతుంది. మార్చి చెప్పడానికి వీల్లేని మాట సొంత పేరు. అందుకే దాన్ని అన్నిటికంటే చివర, కొత్తవారి ఎదుట సాధన చేయాలి.