ఆఫీసులో లినక్స్ నిలబడాలంటే విండోస్‌ని ఆఖర్న తియ్యండి

చిన్న ప్రైవేటు బడి, ట్రావెల్స్ ఆఫీసు, జిరాక్స్ షాపు, ఇలాంటి చోట్ల విండోస్ బదులు లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) పెడదామనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ లినక్స్ వెయ్యమంటావ్?" అని. లినక్స్ రకాల్లో మింట్ గానీ, ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లొచ్చే ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ వెయ్యండి, రెండూ మంచివే. కష్టమంతా ఇంకోచోట ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో మేం చేసిన తప్పు చెప్తాను. ఆదివారం ఒక్కరోజులో 12 సిస్టమ్స్‌కి ఫార్మాట్ కొట్టి ఉబుంటు ఎక్కించి, చాలా సంతోషంగా ఇంటికెళ్లాం. సోమవారం పొద్దున ఆఫీసు మేడం తెలుగు ప్రశ్నపత్రం తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, ఇంగ్లీషు అక్షరాలూ నెత్తిన చుక్కలున్న గుర్తులూ కలిసి మూడు పేజీలు. పరీక్షేమో బుధవారం. సాయంత్రానికల్లా కరస్పాండెంట్ గారు కోఠి నుంచి ఒకబ్బాయిని పిలిపించి మళ్లీ విండోస్ వేయించేశారు. ఆయన చేసింది సబబే, పిల్లల పరీక్ష ఆగకూడదు కదా. అప్పటి నుంచి మేం ఈ పని తలకిందులుగా చేస్తున్నాం: ముందు మనుషులు, తర్వాత ఫైళ్లు, ఆ తర్వాత ప్రోగ్రాములు, విండోస్ తియ్యడం అన్నిటికంటే చివర.

మొట్టమొదట, "ఇది ఫ్రీ" అని చెప్పి ఒప్పించాలని చూడకండి. లైసెన్సు కొనే అలవాటున్న దేశాల్లో ఆ మాట పనిచేస్తుందేమో గానీ, ఇక్కడ సిస్టమ్ బిగించిన అబ్బాయే క్రాక్ చేసిన విండోస్, ఆఫీస్ వేసి ఇస్తాడు, ఓనరుకి అదీ ఫ్రీగా వచ్చినట్టే. ఆయనకి తగిలే మాట వేరే ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. అంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 2018కి ముందు అసెంబుల్ చేయించిన సిస్టమ్స్ చాలావరకు బయటే ఉండిపోతాయి. "సార్, ఈ పది సిస్టమ్స్ పారెయ్యక్కర్లేదు, ఇంకో నాలుగైదేళ్లు నడుపుకోవచ్చు" అనండి, అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు.

తర్వాత ఒక రోజంతా ఆ ఆఫీసులో ఊరికే కూర్చుని, ఎవరు ఏం తెరుస్తున్నారో రాసుకోండి. ట్యాలీ ఉందా? డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చి జీఎస్‌టీ ఫైలింగ్ చేస్తున్నారా? మ్యాక్రోలున్న ఎక్సెల్ షీట్ ఉందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ సిస్టమ్‌ని ముట్టుకోకండి, విండోస్‌లోనే ఉండనివ్వండి. పదిలో తొమ్మిది మారితే అది గెలుపే. పదోదాన్ని కూడా మార్చాలని మొండికేస్తే ఆ తొమ్మిదీ పోతాయి.

ఇప్పుడు పాత విండోస్ మీదే ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రెఆఫీస్, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ వేసి కనీసం రెండు నెలలు వాడించండి. లిబ్రెఆఫీస్‌లో రెండు చోట్ల చెయ్యి పెడితే సగం గొడవ తగ్గుతుంది. ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద ఫైళ్లు వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టండి, లేకపోతే పంపిన లెటర్ అవతలివాళ్ల దగ్గర తెరుచుకోలేదని ఫోన్లు మొదలవుతాయి. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి ట్యాబ్డ్ పెడితే చూడ్డానికి అలవాటైన ఎంఎస్ ఆఫీస్ లాగే ఉంటుంది. ఇక కాలిబ్రి ఫాంట్‌లో కొట్టిన ఒక పేజీ లెటర్, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ప్రిన్సిపల్ సంతకం లైను ఒక్కటీ జారి రెండో పేజీలో పడుతుంది. చిన్న విషయమే, కానీ "ఇది పనిచెయ్యదు" అన్న మాట అక్కడే పుడుతుంది. కార్లిటో ఫాంట్‌లో అక్షరాల వెడల్పు కాలిబ్రితో సమానం, దాన్ని ముందే వేసి ఉంచండి.

తెలుగు సంగతికి ఎక్కువ టైమ్ పెట్టుకోండి. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టింది మన కంటికి తెలుగే గానీ కంప్యూటర్‌కి కాదు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ఆకారాలు అతికించినట్టు అన్నమాట. ఫాంట్ ఉంటే తెలుగు, లేకపోతే మేడం చూసిన ఆ మూడు పేజీలు. యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతిలో, తెలుగుకి 1991లో మొదటి వెర్షన్ నుంచే చోటుంది, అయినా చిక్కడపల్లి, నారాయణగూడ ప్రెస్సుల్లో డీటీపీ పని ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను జంట మీదే నడిచింది. అందుకని పాత ఫైళ్లన్నీ మార్చే పని పెట్టుకోకండి. మళ్లీ దిద్దే అవసరం ఉన్నవి మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి, మిగతావాటిని విండోస్ ఉండగానే పీడీఎఫ్ చేసి దాచండి. మార్చినవాటిలో ఒత్తులు, అంకెలు ఒక మనిషి కూర్చుని చూడాల్సిందే.

టైపింగ్ ఇంకా సున్నితమైన విషయం. పదిహేనేళ్లుగా యాపిల్ లేఅవుట్‌లో (ఏ అక్షరం ఏ కీ మీద ఉంటుందో ఆ అమరిక) కీబోర్డు చూడకుండా కొట్టే మనిషిని ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక నేర్చుకోమంటే, ఆవిడకి వచ్చిన విద్యని మనం లాగేసుకున్నట్టే. అలా చెయ్యకండి. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాముతో పాటు ఎం17ఎన్ లేఅవుట్లు వేస్తే అందులో తెలుగు యాపిల్ ఉంది, ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉన్నాయి. కొన్ని ఒత్తుల దగ్గర తేడా రావచ్చు, కాబట్టి ఆవిడ చేతే ఒక పేజీ కొట్టించి, తడబడిన చోటల్లా రాసుకుని చీటీ మానిటర్‌కి అంటించండి. ఫాంట్లకి సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సురన్న, గిడుగు ఉన్నాయి, రామభద్ర లాంటి లావు ఫాంటుని హెడ్డింగులకి ఉంచి, ప్రశ్నపత్రాలకీ సర్క్యులర్లకీ మండలి వాడండి.

ప్రింటర్‌ని మాత్రం లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిపేది) బూట్ చేసి, నిజంగా కాగితం బయటికొచ్చేదాకా నమ్మకండి. కొన్ని చవక లేజర్ ప్రింటర్లకి లినక్స్ డ్రైవర్ ఎక్కించడం నరకం. హెచ్‌పీవి చాలావరకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో నడుస్తాయి.

ఇక మెకానిక్. అమీర్‌పేటలో ఏ గల్లీలోకి వెళ్లినా లినక్స్ కోర్సు బోర్డు కనిపిస్తుంది గానీ, అది నేర్చుకున్నవాళ్లంతా సర్వర్ల ఉద్యోగాలకి వెళ్తారు, మీ షాపుకొచ్చి ప్రింటర్ సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఎప్పుడూ వచ్చే ఏరియా అబ్బాయినే మొదటి రోజు నుంచి పక్కన కూర్చోబెట్టుకోండి, అతని టైమ్‌కి డబ్బులివ్వండి. అతన్ని వదిలేసి చేస్తే, ఏ చిన్న తేడా వచ్చినా అతను చెప్పే మందు ఫార్మాట్ ఒక్కటే. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ పాలసీ తెచ్చింది, పాలసీ వచ్చి ప్రింటర్ బాగుచెయ్యదు కదా. కేరళ సర్కారు బడుల్లో లినక్స్ నిలబడిందంటే టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, పుస్తకాలు దాని మీదే రాశారు, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే పెట్టారు. మనకి ఇక్కడ తోడు కావాలంటే స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లున్నారు, తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్నారు, వెళ్లి అడగండి.

ఇవన్నీ అయ్యాకే లినక్స్. పరీక్షలు, అడ్మిషన్లు లేని వారంలో, ఒకేసారి రెండు సిస్టమ్స్ మించకుండా చెయ్యండి. పాత హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ కొట్టకండి, విప్పి బయటికి తీసి, కొత్త ఎస్ఎస్‌డీ బిగించి దాని మీద ఎక్కించండి, సిస్టమ్ వేగం పెరిగింది కూడా అంటారు. తీసిన డిస్క్‌ని కవర్లో పెట్టి, పైన సిస్టమ్ నంబరూ తేదీ రాసి, ఆఫీసు మేడం చేతికే ఇచ్చి బీరువాలో పెట్టించండి.