పిల్లలకు ఫోన్ ఇచ్చే ముందు యాప్ పిన్ చేయండి
వీడియో పెట్టి ఫోన్ ఇచ్చేస్తే, పిల్లల వేలు నిమిషంలో గ్యాలరీలోకో వాట్సాప్‌లోకో పోతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి పైనున్న సెర్చ్‌లో వెతికితే యాప్ పిన్నింగ్ దొరుకుతుంది. అంటే, తెరిచిన యాప్ దాటి బయటికి పోకుండా ఆపే సదుపాయం. కొన్ని ఫోన్లలో స్క్రీన్ పిన్నింగ్ అంటారు. ఆన్ చేశాక, అన్‌పిన్ చేసేటప్పుడు లాక్ కోడ్ అడిగే ఆప్షన్ కూడా తప్పక ఆన్ చేయండి. అది వదిలేస్తే కింది నుంచి పైకి జరిపి కాసేపు పట్టుకుంటే చాలు, బయటికొచ్చేస్తారు. పిల్లలు ఇది చాలా త్వరగా పట్టేస్తారు! తర్వాత యాప్ తెరిచి, రీసెంట్స్‌లో (ఇటీవల తెరిచిన యాప్‌లు కనిపించే చోట) దాని ఐకాన్ నొక్కి పిన్ ఎంచుకోండి.

ఐఫోన్‌లో అయితే ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఆన్ చేసుకుని, యాప్ తెరిచాక సైడ్ బటన్ మూడుసార్లు నొక్కాలి. టైమ్ లిమిట్ కూడా పెట్టొచ్చు, అదే దీనిలో మేలు.

పిన్ చేసినంత మాత్రాన యాప్ లోపల వేరే వీడియోలు రావడం ఆగదు. ఒకటి అవగానే ఇంకో వీడియో దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను విడిగా ఆఫ్ చేయాల్సిందే.